వలిసె చేలో పోర్ట్రెయిట్ షూట్: గట్టు దిగకుండా తీయడం ఎలా

నవంబరు వచ్చిందంటే అరకు వలిసె పూల ఫొటోలు ఫోన్ల నిండా తిరుగుతుంటాయి. చాలావాటిలో వరస ఒకటే. నడుం దాకా పసుపు, మధ్యలో చేతులు చాపి నిలబడ్డ మనిషి, ఆ మనిషి వెనకాల చేను తొక్కుకుంటూ వచ్చిన దారి. ఆ దారి ఫొటోలో పడిందన్న సంగతి ఇంటికొచ్చి పెద్ద తెర మీద చూసుకున్నాక గానీ తెలీదు.

వలిసె చేలో నడవడానికి సందు ఉండదు. బంతి తోటలా సాళ్లు తీసి నాటే పంట కాదది. ఎక్కువగా విత్తనం వెదజల్లేస్తారు, మొక్కలు ఒకదాన్నొకటి ఒరుసుకుని లేస్తాయి. కాడ లేతగా, లోపల గుల్లగా ఉంటుంది. కాలు పడితే పుటుక్కున విరుగుతుంది, మళ్లీ లేవదు. అందుకని ఈ షూట్‌కి వేసుకునే ప్లానంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరగాలి: చేలో అడుగు పెట్టకుండా, చేను నడిమధ్యలో ఉన్నట్టు తీయడం ఎలా? గట్టు మీంచి తీసిన ఫొటోయే చేలోకి దిగి తీసినదానికన్నా నిండుగా ఎందుకు వస్తుందో కింద లెక్కతో సహా ఉంది.

పూత ఎప్పుడు, ఏ చేను

వలిసెల్ని వెర్రి నువ్వులని కూడా అంటారు. పేరుకి నువ్వులే గానీ ఇవి పొద్దుతిరుగుడు, చామంతుల కుటుంబానివి. పండించేది గింజ కోసం, నూనె కోసం. అల్లూరి సీతారామరాజు జిల్లాలో అరకులోయ, డుంబ్రిగుడ, అనంతగిరి, హుకుంపేట, పాడేరు వైపు ఆగస్టు ఆఖర్లోనూ సెప్టెంబరులోనూ చల్లుతారు. అక్టోబరు చివరి వారం నుంచి డిసెంబరు మొదటి వారం దాకా ఏదో ఒక చేను పసుపుగానే కనిపిస్తుంది. ఇందులో 'ఏదో ఒక' అన్నమాటే ముఖ్యం. చల్లిన రోజుని బట్టి ఒక్కో చేను ఒక్కోసారి పూస్తుంది, నిండు పూత మీద ఉండేది రెండు మూడు వారాలే. పోయిన నెల ఎవరో పెట్టిన ఫొటో చూసి అదే చేను వెతుక్కుంటూ వెళ్తే అక్కడ గోధుమరంగు తలలు తప్ప ఏమీ మిగలవు.

తేదీ ముందే ఖాయం చేసుకోక తప్పదనుకుంటే నవంబరు రెండో, మూడో వారం పెట్టుకోండి. రూము బుక్ చేసుకున్న చోటివాళ్లని ఆ రోజు తీసిన ఫొటో ఒకటి పంపమని అడగండి. అందులో చూడాల్సింది విచ్చుకున్న పూలతో పాటు మొగ్గలు కూడా ఉన్నాయా అని. మొగ్గలుంటే ఇంకా వారం ఢోకా లేదు. మొగ్గలు లేకుండా అన్నీ విచ్చుకుని, అక్కడక్కడ రేకులు రాలి తలలు నల్లబడుతుంటే ఆ చేను వదిలేయండి. దూరం నుంచి పసుపుగానే కనిపిస్తుంది గానీ దగ్గర్నుంచి తీస్తే ముసలి పువ్వు ముసలి పువ్వే. ఇంకో గండం బంగాళాఖాతంలో నవంబరు వాయుగుండాలు. రెండు రోజులు ముసురు పడితే చేను ఒక పక్కకి ఒరిగిపోతుంది, రెండు రోజులు ఎండ కాసినా పూర్తిగా నిలబడదు. అందుకే రూము రద్దు చేసుకోగలిగేలా తీసుకోవడం మంచిది.

కార్తీక మాసంలో ఆదివారాలు మాత్రం వద్దు. వనభోజనాల జనంతో రోడ్డు పక్క చేలన్నీ తిరనాళ్లే. మంగళ, బుధ, గురువారాల్లో వెళ్తే గట్టు మీద తీరిగ్గా నిలబడే చోటు దొరుకుతుంది.

విశాఖపట్నం నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాక ఘాట్ రోడ్డు, మూడు గంటల పైమాటే. తెల్లవారుజామున బయల్దేరి వెలుగు వేళకి అందుకుందామనుకోవద్దు, మంచులో ఆ మలుపులు ప్రమాదం. కిరండూల్ రైలు సొరంగాలు చూసుకుంటూ వెళ్లడానికి బ్రహ్మాండంగా ఉంటుంది గానీ అది అరకు చేరేసరికి పొద్దు బారెడెక్కి షూట్ వేళ అయిపోతుంది. ముందురోజు మధ్యాహ్నానికే చేరి, సాయంత్రం చేను చూసుకుని, రాత్రి అక్కడే పడుకోవాలి.

రైతుతో మాట

రోడ్డు పక్క చేలకి చాలాచోట్ల వెదురు దడి కట్టి, మనిషికింత అని తీసుకుని లోపలికి వదులుతారు. అది ఐదు నిమిషాల సెల్ఫీ లెక్క. స్టాండు, రిఫ్లెక్టరు (వెలుగుని తిప్పి మొహం మీద వేసే పలక) వేసుకుని రెండున్నర గంటలు ఉండేవాళ్లకి ఆ లెక్క పనిచేయదు, పొద్దున్నే వెళ్లి ఆ టికెట్టు డబ్బులు చేతిలో పెడితే గొడవ ఖాయం. ముందురోజు సాయంత్రమే మాట్లాడుకోవాలి. ఇలాగ: "అమ్మా, రేపు పొద్దున్న ఆరింటికి వస్తాం. నలుగురం. ఈ రెండు గట్ల మీదే ఉంటాం, చేలోకి దిగం. తొమ్మిదికల్లా వెళ్లిపోతాం. ఎంతిమ్మంటారు?" ఎందరు, ఎక్కడ, ఎంతసేపు, ఎంత. ఈ నాలుగూ తేలితే పొద్దున్న మాట తేడా రాదు. డబ్బు ముందే ఇచ్చేయండి.

అప్పుడే ఇంకో రెండు అడగాలి. తేనెటీగల పెట్టెలు ఎక్కడున్నాయి? పొద్దున పశువుల్ని ఏ గట్టు మీంచి తోలతారు? రెండో ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ, రిఫ్లెక్టరు తళుక్కుమన్నప్పుడు బెదిరిన ఎద్దు చేలో పడితే ఆ నష్టం మీదే. చేలో పని చేసుకుంటున్నవాళ్లని అడక్కుండా ఫ్రేములోకి లాగొద్దని వేరే చెప్పక్కర్లేదు.

ఎక్కడ నిలబడాలి

సగం షూట్ ఇక్కడే తేలిపోతుంది కాబట్టి కాస్త నిదానంగా.

కావలసింది రెండు వలిసె చేల మధ్య నడిచే గట్టు. ఒకవైపు మాత్రమే పూలుండి రెండోవైపు వరి కోసేసిన మడో రోడ్డో ఉంటే ఆ గట్టు పనికిరాదు. మనిషి ముందూ వెనకా పూలుండాలి. అలాంటి గట్టు, దానికి అడ్డంగా వచ్చే ఇంకో గట్టు కలిసే మూల వెతకండి. మూల నుంచి 3 మీటర్ల దూరంలో ఒక గట్టు మీద మోడల్. అదే మూల నుంచి 4 మీటర్ల దూరంలో రెండో గట్టు మీద కెమెరా. ఇద్దరి మధ్య ఐమూలగా 5 మీటర్లు, ఆ 5 మీటర్లూ పూలే. బళ్లో నేర్చుకున్న లంబకోణ త్రిభుజం ఇన్నాళ్లకి అక్కరకొచ్చింది. కెమెరాకి ముందంతా పూలు, మోడల్ వెనక రెండో చేను పూలు, ఆ వెనక కొండ. ఎవరూ చేలోకి దిగలేదు.

ఇప్పుడు కెమెరా ఎత్తు. వలిసె మొక్క రెండున్నర నుంచి మూడడుగులుంటుంది. నిలబడి కంటి ఎత్తు నుంచి తీస్తే లెన్సు కిందికి చూస్తుంది. పువ్వుకీ పువ్వుకీ మధ్య ఆకుపచ్చ, కాడలు, మట్టి, గట్టు గీత అన్నీ బయటపడతాయి. చేను పలచగా కనిపిస్తుంది. మోకాళ్ల మీద కూచుని, లెన్సుని పూల తలల కన్నా ఒక బెత్తెడు పైన పెట్టండి. అప్పుడు ముందు పూల వెనక వెనక పూలు చేరి సందులన్నీ పూడిపోతాయి, గట్టు మాయమవుతుంది. పువ్వు నిజానికి రూపాయి బిళ్లంతే ఉన్నా ఫొటోలో తివాచీ పరిచినట్టుంటుంది. చేలోకి దిగి తీసేవాళ్లకి ఈ వరస కుదరదు. వాళ్ల కాళ్ల కింద పూలు అప్పటికే విరిగి, చుట్టూ గుంట పడి ఉంటుంది.

బెత్తెడు కన్నా కిందికి దిగితే ఇంకో తంటా. లెన్సుకి అరడుగు దూరంలో ఉన్న పువ్వు పెద్ద పసుపు మరకై మొహం మీదికి వస్తుంది. అలాంటి మరక ఫ్రేము అడుగున, ఒక మూలన ఉంటే అందం. గడ్డం దాటి పైకి వస్తే చెరుపు. కెమెరాని రెండంగుళాలు లేపితే సరిపోతుంది, చోటు మార్చక్కర్లేదు.

పూలు భుజాల దాకా రావాలనుకుంటే మోడల్‌ని గట్టు మీద పీట వేసి కూచోబెట్టండి. ప్లాస్టిక్ స్టూలు ఎత్తెక్కువ, పైగా మెత్తటి గట్టులో దాని కాళ్లు దిగబడతాయి. చెక్క పీట కదలదు. కొండవాలులో మెట్లు మెట్లుగా ఉన్న చేలైతే ఇంకా సులువు. పై చేను అంచుకి కింద నడిచే సందు ఉంటే మోడల్ అందులో నిలబడితే చాలు, పై చేను పూలు తల వెనక్కి వచ్చేస్తాయి.

ఇంత కిందనుంచి తీసేటప్పుడు కొండ గీత ఎక్కడ పడుతోందో చూసుకోండి. సరిగ్గా మెడ మీదుగా పోతే తల కోసి పెట్టినట్టుంటుంది. భుజాల కిందికైనా ఉండాలి, తల పైకైనా ఉండాలి. కరెంటు స్తంభాలు కంటికి ఆనవు గానీ ఫొటోలో మోడల్ తలమీంచి మొలుస్తాయి, ముందురోజు సాయంత్రం ఫోన్‌తో ఒక ఫొటో తీసి చూసుకుంటే తెలిసిపోతుంది.

వెలుగు, మంచు

నవంబరు మధ్యలో అరకు లోయలో సూర్యోదయం 6:05 ప్రాంతంలో, సూర్యాస్తమయం 5:20 ప్రాంతంలో. ఇది పంచాంగం లెక్క. చుట్టూ కొండలు కాబట్టి చేలో ఎండ పడేది 6:30 దాటాకే, సాయంత్రం ఎండ పోయేది ఐదుకి ముందే. మీ చేనుకి తూర్పున కొండ ఎంత ఎత్తుందో ముందురోజే చూసుకోండి.

పొద్దున వేళ రెండు ముక్కలుగా ఉంటుంది. వెలుగొచ్చింది మొదలు ఏడున్నర దాకా చాలా రోజులు మంచు. ఆ తర్వాత ఎనిమిదీ ముప్పావు దాకా పక్కవాటు ఎండ. రెండింటికీ లెన్సు వేరు, లెక్క వేరు.

మంచులో మనిషికి దగ్గరగా ఉండాలి. కెమెరాకీ మోడల్‌కీ మధ్య దూరం పెరిగేకొద్దీ మధ్యలో మంచు పేరుకుని మొహం వెలిసిపోతుంది. 200 మి.మీ. లెన్సుతో (ఈ అంకె పెరిగేకొద్దీ దూరాన్ని దగ్గరికి లాగుతుంది) పది మీటర్ల నుంచి తీస్తే మొహం పాలగ్లాసులోంచి చూసినట్టుంటుంది, ఆటోఫోకస్ కూడా ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది. 35, 50, 85 మి.మీ. లెన్సులతో రెండు మూడు మీటర్ల లోపు ఉండండి. అప్పుడు మనిషి స్పష్టంగా, వెనక చేను కరిగిపోతున్నట్టుగా వస్తుంది, మంచు అందమంతా ఆ తేడాలోనే ఉంది. ఇంత దగ్గరికి వచ్చినప్పుడు ఐమూల లెక్క కుదరదు, ఇద్దరూ ఒకే గట్టు మీద ఉంటారు. గట్టు దారి కనిపించకుండా కెమెరాని గట్టు అంచుకి జరిపి, పక్క పూలని అడ్డం పెట్టుకోండి. కెమెరా మీటరు తెల్లటి మంచుని చూసి బూడిదరంగు చేయబోతుంది, ఎక్స్‌పోజర్, అంటే ఫొటోకి పడే వెలుగు, 0.3 నుంచి 0.7 స్టాపు పెంచాలి (ఒక స్టాపు పెంచితే వెలుగు రెట్టింపు). ఫ్లాష్ మాత్రం ముట్టుకోవద్దు. నీటి తుంపరల మీద వెలుగు పడి మొహం ముందు తెల్ల చుక్కలు తేలుతాయి.

ఎండ వచ్చాక 85, 135, 70-200 మి.మీ. లెన్సులు బయటకి తీయండి. సూర్యుణ్ణి మోడల్ వెనక, కాస్త పక్కకి ఉంచితే రేకుల గుండా వెలుగు దూరి పూలు దీపాల్లా వెలుగుతాయి, జుట్టు అంచున గీత వస్తుంది. మొహం నీడలో పడుతుంది కాబట్టి రిఫ్లెక్టర్ కావాలి. 42 అంగుళాలది చాలు, అంతకన్నా పెద్దదైతే గాలికి తెరచాపే. అందులో బంగారు వైపు వాడొద్దు. చేను నుంచి పసుపు వెలుగు ఇప్పటికే మొహం మీద కింద నుంచి కొడుతోంది, దానికి బంగారం తోడైతే పచ్చకామెర్ల రంగు వస్తుంది. వెండి వైపు కళ్లు మూయిస్తుంది. తెల్ల వైపు వాడండి.

ఆ పసుపు కొట్టడం గురించి ఇంకొంచెం. గడ్డం కింద, మెడ మీద, ముక్కు అడుగున ఇది పడుతుంది. ఎడిటింగులో తీయడం విసుగు పని. చేలో ఉండగానే ఆపొచ్చు. మడత విప్పిన తెల్ల తువ్వాలు ఒకటి మోడల్ నడుం ముందు, ఫ్రేముకి కిందగా, పూలని కప్పేలా ఇద్దరు చెరో కొసా పట్టుకుంటే కింద నుంచి వచ్చే వెలుగు తెల్లగా మారుతుంది. పూల మీద పరిచేయకండి, బరువుకి తలలు వాలతాయి. సాదా ఉపాయమే గానీ వేలు పోసి కొన్న సామాను ఇంతకన్నా బాగా చేయదు.

సాయంత్రం 3:45 నుంచి 4:50 దాకా ఇంకో అవకాశం. ఎండ రంగు బాగుంటుంది, మంచు ఉండదు. అయితే పర్యాటకులంతా అప్పటికి అక్కడే ఉంటారు. చాతనైతే పొద్దున్నే ముగించేయండి.

కెమెరా అంకెలు

ఫుల్‌ఫ్రేమ్ కెమెరా మీద 85 మి.మీ., ఎఫ్ 1.8 (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్సు ఎక్కువ తెరుచుకుంటుంది), 2 మీటర్ల దూరం అయితే ఫోకస్ లోతు, అంటే పదునుగా పడే మేర, 6 సెంటీమీటర్లే. తల కాస్త తిప్పితే ఒక కన్ను పదునుగా, రెండోది మసగ్గా వస్తుంది. అదే 5 మీటర్ల ఐమూల దూరం నుంచి 135 మి.మీ., ఎఫ్ 2.8 అయితే లోతు 23 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. మొహం మొత్తం పదునుగా, వెనక పూలు మెత్తగా వస్తాయి. నిలువు ఫ్రేములో ఆ దూరానికి తొడల దగ్గర్నుంచి తల పైదాకా పడుతుంది, కాళ్లు ఎలాగూ పూలలోనే ఉంటాయి. లెన్సుని మరీ తెరిస్తే ఇంకో నష్టం ఉంది. వెనక పూలన్నీ కరిగి ఒట్టి పసుపు పూతైపోతే అక్కడిదాకా వెళ్లడం దేనికి? అది పసుపు గోడ ముందు నిలబడి తీసుకున్నా వస్తుంది.

షట్టరు వేగం 1/500 సెకను కన్నా తగ్గించొద్దు. మనిషి కదలకపోయినా పూలు ఊగుతూనే ఉంటాయి, 1/125లో ముందు పూలన్నీ చెరిగినట్టొస్తాయి. ఫోకస్ కంటి గుర్తింపు మీద పెట్టండి. ఆ సౌకర్యం లేని కెమెరా అయితే ఒకే చుక్క ఎంచుకుని కంటి మీద పెట్టండి. ఆటో వదిలేస్తే కెమెరా దగ్గరున్న పువ్వునే పట్టుకుంటుంది, పది ఫొటోల్లో పదీ పువ్వు ఫొటోలే.

వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెలుపుగా పడేలా చేసే రంగు సర్దుబాటు) ఆటోలో ఉంచకండి. ఫ్రేమంతా పసుపు చూసి కెమెరా దానికి విరుగుడుగా నీలం కలుపుతుంది, చర్మం జీవం లేకుండా తేలుతుంది. పైగా ఫ్రేమ్‌ఫ్రేమ్‌కీ రంగు మారుతుంది. ఎండలో 5,200 నుంచి 5,500 కెల్విన్ దగ్గర కట్టేయండి. రా ఫైలులోనే, అంటే కెమెరా మార్పులు చేయని ముడి ఫైలులోనే, తీయండి.

పసుపు అంటే కెమెరా లెక్కలో ఎరుపూ ఆకుపచ్చా కలిసినది. ఎండ పడ్డ రేకులో ముందు ఎరుపు చానెల్ నిండిపోతుంది. మామూలు తెలుపు హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు ఎంత పడిందో చూపే గ్రాఫు) చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది గానీ రేకు మీద ఈనెలు పోయి, ప్లాస్టిక్ పువ్వులా తయారవుతుంది. మూడు రంగుల హిస్టోగ్రామ్ తెరిచి, ఎరుపు కుడి గోడకి అతుక్కోకుండా ఎక్స్‌పోజర్ 0.3 నుంచి 0.7 తగ్గించండి. మొహానికి తగ్గిన వెలుగు రిఫ్లెక్టర్ ఇస్తుంది.

ఫోన్‌తో తీసేవాళ్లు పోర్ట్రెయిట్ మోడ్‌ని నమ్ముకోవద్దు. చెదిరిన జుట్టుకీ రేకులకీ మధ్య గీత గీయలేక చెవి పక్కన పూలని సగం కోసేస్తుంది. రెండు లేదా మూడు రెట్ల లెన్సు పెట్టి మామూలు మోడ్‌లో తీయండి. మొహం మీద వేలు నొక్కి పట్టి ఫోకస్ కట్టేసి, వెలుగు గీతని కాస్త కిందికి లాగితే చాలు.

బట్టలు

పసుపుకి ఎదురు రంగు నీలం. నీలిమందు రంగు మంగళగిరి చీర ఈ చేలో ఎంత బాగా తేలుతుందంటే వేరే ఆలోచన అక్కర్లేదు. తర్వాత మెరూన్, వంకాయ రంగు. పొందూరు ఖద్దరులాంటి గోధుమతెలుపు మంచులో బాగుంటుంది, ఎండలో మాత్రం పసుపు పీల్చుకుంటుంది. చిలకపచ్చ, నిమ్మపండు రంగు, నారింజ వద్దు, మనిషి చేలో కలిసిపోతుంది. చిన్న పూల ప్రింటు కూడా వద్దు, వేలకొద్దీ పూల ముందు ఆ ప్రింటు గజిబిజి అవుతుంది. పెద్ద జరీ అంచు పట్టుచీర ఎదురెండలో మెరిసి, ఫొటోలో అక్కడక్కడ ఒట్టి తెల్ల మచ్చలుగా పడుతుంది.

మంచు కురిసిన గట్టు మీద పది అడుగులు వేస్తే చీర అంచు మోకాళ్ల దాకా తడుస్తుంది. తడిసిన నూలు చీర బరువెక్కి కుచ్చిళ్లు కిందికి జారతాయి. కుచ్చిళ్లకి రెండు పిన్నీసులు, పైటకి ఒకటి తప్పనిసరి. చోటు చేరేదాకా చీర మోకాళ్ల పైకి ఎత్తి దోపుకుని, నిలబడ్డాక దించుకోవాలి. కాళ్లకి వెనక పట్టీ ఉన్న చెప్పులో బూట్లో ఉండాలి, పొద్దున్న గట్ల మీద పురుగూ పుట్రా ఉంటాయి.

రెండు జతలకి మించొద్దు. మార్చుకోవడానికి అక్కడ గదేమీ ఉండదు. కారు అద్దాలకి రెండు దుప్పట్లు, నాలుగు బట్టల క్లిప్పులు. ఒక జత మార్చి మళ్లీ చోటుకి రావడానికి ఇరవై నిమిషాలు పోతుంది, ఉన్న రెండున్నర గంటల్లో అది చిన్న ఖర్చు కాదు. మంచు ముక్కకి లేత రంగు, ఎండ ముక్కకి ముదురు రంగు అని విడదీసుకుంటే సరిపోతుంది.

చలికి చేతులు గడ్డకట్టి వేళ్లు బిగుసుకుంటాయి, భుజాలు చెవుల దాకా లేస్తాయి. ఫొటోలో అది భయంలా కనిపిస్తుంది. షాట్‌కీ షాట్‌కీ మధ్య శాలువా కప్పండి, ఫ్లాస్కులో వేడినీళ్లో టీయో ఉంచండి. చేతులు ఏం చేయాలో తోచక అందరూ పువ్వు కోయబోతారు. కోయొద్దు. అరచేయి చాపి వేళ్ల కొసలు పూల తలల మీద ఆనీ ఆనకుండా నడిపిస్తే చేతికీ పని ఉంటుంది, పువ్వూ ఉంటుంది.

తేనెటీగలు

వలిసెకి తేనెటీగ లేకపోతే గింజ సరిగ్గా పట్టదు, చాలా మొక్కలకి తమ పుప్పొడి తమకి పనికిరాదు. అందుకే ఈ చేలల్లో ఈగలు ఉండి తీరతాయి, కొన్నిచోట్ల పెట్టెలు కూడా పెడతారు. చలి ఉన్నంతసేపూ మందకొడిగా ఉండి, ఎండ ముదిరాక ముసురుకుంటాయి. తొమ్మిదికల్లా ముగించమనడానికి ఇదీ ఒక కారణం. సెంటు పూసుకోవద్దు, వాసన నూనె జుట్టుకి రాయొద్దు. పెట్టె ఉన్న చోటికి పదిహేను అడుగులన్నా దూరం ఉండాలి. పెట్టె ముందు వైపు, అంటే ఈగలు వచ్చిపోయే దారికి అడ్డంగా, అసలు నిలబడొద్దు. మొహం దగ్గరికి వస్తే చేత్తో కొట్టకుండా కదలకుండా ఉండాలి. కుడితే ముల్లుని గోటితో గీరి వెంటనే తీసేయండి, చల్లటి నీళ్ల గుడ్డ పెట్టండి. పెదాలో గొంతో వాచినా, ఊపిరి ఆడకపోయినా షూట్ ఆపేసి నేరుగా ఆసుపత్రికే. ఈగ కాటు పడదని ముందే తెలిసినవాళ్లు ఈ చేనుకి రాకపోవడమే మంచిది.

వేరే పూలైతే

ఈ లెక్కలు బంతికీ పొద్దుతిరుగుడుకీ చిన్న మార్పులతో పనికొస్తాయి. బంతి తోటలో సాళ్ల మధ్య నడవొచ్చు కాబట్టి గట్టు తిప్పలు తక్కువ. దసరా, దీపావళి ముందు ధర కోసం పూలన్నీ కోసేస్తారు, పండగకి రెండు రోజుల ముందు వెళ్తే ఆకులే ఉంటాయి. వారం ముందు వెళ్లండి. పురుగుమందు ఎప్పుడు కొట్టారో అడగకుండా తోటలో అడుగు పెట్టొద్దు.

పొద్దుతిరుగుడు పేరులో తిరుగుడు ఉంది గానీ అది మొగ్గ దశలోనే. పూర్తిగా విచ్చుకున్న పువ్వు తూర్పు వైపే ఉండిపోతుంది. దీన్ని వాడుకోవచ్చు. సాయంత్రం తూర్పు వైపు నిలబడి పడమటికి తిరిగి తీస్తే పూలన్నీ కెమెరా వైపు, సూర్యుడు మోడల్ వెనక. అదే పొద్దున్న సూర్యుణ్ణి మోడల్ వెనక పెట్టి తీస్తే పూల వీపులు వస్తాయి.

ఇంటికొచ్చాక

చలిలో తిరిగిన కెమెరాని వెచ్చటి గదిలోకి తేగానే బయటకి తీస్తే లెన్సు మీద చెమ్మ పడుతుంది. సంచి మూసే ఉంచి గంట ఆగండి. ఎడిటింగులో పసుపు గాఢతనీ వెలుగునీ పది పదిహేను పాయింట్లు తగ్గిస్తే రేకుల గీతలు తిరిగొస్తాయి. కాకపోతే మన చర్మం రంగులోనూ పసుపుంది, అందుకని మొహాన్ని మాస్కుతో (ఫొటోలో ఒక భాగాన్ని విడిగా ఎంచుకునే మీట) వేరు చేసి పక్కన పెట్టాకే ఆ పని చేయండి, లేకపోతే మనిషి పాలిపోతుంది. మంచు ఫొటోల మీద, మంచుతెరని తీసేసే డీహేజ్ మీట జోలికి పోవద్దు.

చీర మీద పుప్పొడి పసుపు మరకలు ఉంటాయి. తడిగుడ్డ పెట్టి రుద్దారంటే నూలులోకి దిగిపోతుంది. బాగా ఆరనిచ్చి, దులిపి, మిగిలినదాన్ని సెల్లోటేపు అంటించి లాగేయండి. ఆ తర్వాతే నీళ్లు.